సుబేదార్ అన్నయ్య ఎర్ర తువ్వాలు

సుబేదార్ అన్నయ్య పోయారు. ఆదివారం పొద్దున హాస్టల్ పిల్లలకి ఇడ్లీ వాయి దించుతుంటే వదిన పంజాగుట్ట ఆస్పత్రి నుంచి ఫోన్ చేసింది. ఏడవలేదు. "మీ అన్న పోయిండు. ఇంటి తలుపు జర తీసి పెట్టు, తీస్కొస్తున్నం" అంది. వాళ్లింటి తాళంచెవి ఒకటి నా దగ్గరే ఉంటుంది. వెళ్లి తలుపు తీశాను. ఖాళీ గదిలో నిలబడి, ఏం చెయ్యాలో తోచక ఫ్యాను వేశాను. ఎవరికోసం వేశానో నాకే తెలీదు.

మీలో ఎవరికీ ఆయన తెలిసుండరు. పేపర్లో ఫొటో పడిన మనిషి కాదు. అమీర్‌పేటలో మెట్రో దిగి, సాఫ్ట్‌వేర్ కోర్సుల కరపత్రాలు చేతిలో కుక్కేవాళ్లని తప్పించుకుని బల్కంపేట వైపు నడిస్తే వచ్చే సందుల్లో మాదొకటి. నేను తెనాలి నుంచి వచ్చి అక్కడ ఆడపిల్లల హాస్టల్ పెట్టాను. ఎదురిల్లు ఆయనది. సైన్యంలో సుబేదారుగా చేసి రిటైరయ్యాక, ఊరి చివర ఉన్న ఒక మిలిటరీ అకాడమీలో ఫుట్‌బాల్ కోచ్‌గా చేరారు. అక్కడ కుర్రాళ్లు డిగ్రీ చదువుతూ సైనిక శిక్షణ తీసుకుంటారు. ఆయన నన్ను చెల్లె అనేవారు. నేను అన్నయ్య గారూ అనేదాన్ని. నాకు సొంత అన్నలు ఇద్దరున్నారు గానీ, హాస్టల్ ట్యాంకులో నీళ్లు రాకపోతే ముందు పిలిచేది ఈయన్నే.

ఆయన గొంతు గురించి చెప్పాలి. మామూలుగా మాట్లాడినా మా మూడో అంతస్తులో పిల్లలు కిటికీ తెరిచి ఏమైందని చూసేవాళ్లు. వదిన్ని టీ అడిగితే సందులో అందరికీ టీ తాగాలనిపించేది. నిద్రలో సైతం "ఎడమ దిక్కు జూడురా" అని కేకలు పెడతారని వదిన చెప్పి నవ్వేది. గ్రౌండులో ఆయన అరుపులకి ఆయన జట్టు సంగతేమో గానీ, అవతలి జట్టుకి మాత్రం మన ఎత్తులన్నీ ముందే తెలిసిపోయేవట. ఏటా కాలేజీల పోటీల్లో మొదటి మ్యాచ్‌కే ఇంటిదారి పట్టేవాళ్లు.

"అన్నయ్య గారూ, ఈసారి కూడా తొందరగా వచ్చేశారే" అని నేను ఆటపట్టించేదాన్ని.

"ఓడుడు సుత నేర్చుకోవాలె చెల్లె. మావోళ్లు గది మంచిగ నేర్చిండ్రు" అనేవారు, ఏమాత్రం నామోషీ లేకుండా.

బయటికి వదిలిన ఆదివారాల్లో ఆ కుర్రాళ్లని ఇంటికి తీసుకొచ్చేవారు. ఉప్మా మా వంటింట్లోనే ఉడికేది. వాళ్లు మా మెట్ల మీద వరసగా కూర్చుని, పళ్లాలు ఒళ్లో పెట్టుకుని, చప్పుడు లేకుండా తినేవాళ్లు. పైన కిటికీల్లో మా పిల్లల తలకాయలు. కింద ఈయన నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, ఎవడి చూపు పైకి లేస్తే వాడి పళ్లెంలో ఇంకో గరిటె ఉప్మా వేసేవారు. నా ఉప్మా శిక్ష కింద పనికొచ్చినందుకు కోపం వచ్చేది గానీ, పిల్లలు పళ్లాలు కడిగి బోర్లించి పోయేసరికి ఆ కోపం నిలిచేది కాదు.

ఒకసారి ట్యాంకు మూత బిగించడానికి నిచ్చెన వేసి, నన్ను పట్టుకోమన్నారు. పని అయింది. ఆయన దిగారు. నేను కూరగాయల ధరలు ఏకరువు పెడుతూ నిచ్చెన అట్లాగే పట్టుకుని ఉన్నాను. ఆయన ఇంటి గుమ్మం దాకా వెళ్లినవారు వెనక్కి వచ్చారు. "ఇగ సాలు చెల్లె, ఇడువు" అని, నేను వదిలేదాకా చూసి మళ్లీ వెళ్లారు. వదిలేస్తాను కదా, దానికింత దూరం రావాలా అన్నాను. అప్పుడు చెప్పారు ఆ సంగతి. మంచుకొండల్లో పనిచేసే రోజుల్లో ఆయన స్నేహితుణ్ని ఒక చోట కాపలా నిలబెట్టిన పై అధికారి, వేరే పనిలో పడి బదులు మనిషిని పంపడం మరిచిపోయాడట. చివరికి ఎవరికో గుర్తొచ్చి వెళ్లి చూస్తే, అతను అక్కడే ఉన్నాడు. బతికాడు గానీ కాలివేళ్లు పోయాయి. ఎందుకు దిగి రాలేదని అడిగితే, ఎవరూ ఇక చాలు అనలేదు కదా అన్నాడట.

"నిలవడుమన్నోడే ఇగ సాలని సుత చెప్పాలె" అన్నారు. "చెప్పకుంటే వాడు నిలవడే ఉంటడు. గట్లాంటి పోరగాండ్లు నా చేతిల ఉన్నరు చెల్లె. మస్తు భయమైతది."

ఆ మాట అప్పుడు నాకు పెద్దగా ఎక్కలేదు. ఫుట్‌బాల్ కోచ్‌కి భయమేమిటి అనుకున్నాను.

బల్కంపేట ఎల్లమ్మ బోనాలప్పుడు ఆయన జనాన్ని వరసలో పెట్టే తాడు పట్టుకుని వాలంటీరుగా నిలబడేవారు. పోయినసారి బోనాల తర్వాత గొంతు బొంగురుపోయింది. ఎల్లమ్మ దగ్గర అరిచి అరిచి పోయిందనుకున్నాం. వదిన మిరియాల కషాయం పెట్టింది, నేను తేనె పంపాను, సందులో తలా ఒక వైద్యం చెప్పారు. అంత గొంతున్న మనిషికి గొంతు పోతే ఎవరైనా అరిచే పోయిందనుకుంటారు. ఆయనా అట్లాగే అనుకున్నారు. ఎంతకీ తిరిగి రాకపోయేసరికి పంజాగుట్టలో పెద్ద డాక్టరు దగ్గరికి వెళితే క్యాన్సర్ అన్నారు. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ఊపిరి ఆడటానికి మెడ కింద ఒక రంధ్రం మిగిల్చారు.

ఇంటికొచ్చాక ఆయన నోట్లోంచి మాట రాలేదు. పెదాలు కదిలేవి. వదిన వాటిని చూసి మాకు చెప్పేది. ఇరవైల్లో పెళ్లయిన దగ్గర్నించీ ఆయన అరుస్తుంటే వింటూ వచ్చిన మనిషి, ఇప్పుడు ఆయన మాటలన్నీ తన మెత్తని గొంతుతో పలుకుతుంటే వినడానికి కష్టంగా ఉండేది. సందు నిశ్శబ్దమైపోయింది. మా హాస్టల్ పిల్లలు పరీక్షలకి చదువుకుంటూ, అంకుల్ అరుపులు లేకపోతే నిద్రొస్తోందాంటీ అన్నారు.

మెడ రంధ్రాన్ని ఆయన ఎవరికీ కనపడనిచ్చేవారు కాదు. ఎర్రగడ్డ బజారులో వదిన కొన్న ఎర్ర గళ్ల తువ్వాలొకటి మెడ చుట్టూ వేసుకునేవారు. అన్నం తినేటప్పుడు, ఇంట్లో, బయటా, తువ్వాలు తీయడం నేను చూడలేదు. డాక్టరు ఇంటిపట్టున ఉండమన్నా వినలేదు. ఈ ఏటి కాలేజీల పోటీలు అయ్యేదాకా ఉండనివ్వమని అకాడమీ వాళ్లని బతిమాలుకున్నారు. మాట లేని కోచ్ ఏం చేస్తాడని మేమంతా అనుకున్నాం. నేనైతే వదినతో అన్నాను కూడా.

ఆయన ఆ తువ్వాలునే గొంతు చేసుకున్నారు. అది మెడలో ఉంటే ఎవరి జాగాలో వాళ్లుండాలి, గోలుని కాచుకోవాలి. మెడలోంచి లాగి పైకెత్తితే ఇక ఎవరిష్టం వాళ్లది, ఉరకొచ్చు. అంతే. రెండే మాటలు. అవతలివాళ్లకి ఏదో ముసలాయన చెమట తుడుచుకుంటున్నట్టుండేది. ఇంట్లో భార్య ముందు కూడా దాచుకునే ఆ రంధ్రాన్ని ఆ పిల్లల కోసం అంతమంది చూస్తుండగా గాలికి వదిలేసేవారన్న సంగతి నాకు తర్వాత అర్థమైంది.

జట్టు గెలవడం మొదలుపెట్టింది. మొదటి మ్యాచ్, ఆ తర్వాతది, దాని తర్వాతది. గొంతు పోయాక గెలుస్తున్నారంటే ఇన్నేళ్లూ ఓడించింది మీ గొంతేనండీ అన్నాను. ఆయన శబ్దం లేకుండా నవ్వారు, భుజాలు ఊగాయి. వదిన ఆయన పెదాల వైపు చూసి, "గది నాకెప్పుడో ఎరుకనంటుండు" అంది. మేం ముగ్గురం నవ్వుకున్న చివరిసారి అదేనేమో.

సెమీఫైనల్‌కి వదిన నన్నూ లాక్కెళ్లింది. అదే నేను మొదటిసారి ఫుట్‌బాల్ చూడటం. బంతి ఎటుపోతే అందరూ అటు పరుగెత్తాలనుకునేదాన్ని. ఈయన పిల్లలు పరుగెత్తరే. గోడ కట్టినట్టు నిలబడి, వచ్చినవాళ్లని వచ్చినట్టు తిప్పి పంపుతున్నారు. రెండో సగంలో ఆయన లేచారు. తువ్వాలు లాగి పైకెత్తారు. అంతవరకూ గీత గీసి నిలబెట్టినట్టున్న పిల్లలు ఒక్కసారిగా విచ్చుకున్నారు. వాళ్ల మొహాల్లో ఆ వెలుగు చూడాలి. బడి గంట కొట్టినప్పుడు పిల్లల మొహాలు అట్లాగే ఉంటాయి. గోలు పడింది. నాకు తెలీకుండానే లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. అప్పుడు ఆయన మొహం వైపు చూశాను. గోలు పడినందుకు కాదు, వాళ్లు ఉరికినందుకు సంతోషపడుతున్నారు. "ఆపుడు నేను నేర్పుతా, ఆడుడు వాళ్లకే రావాలె" అని గొంతున్న రోజుల్లో తరచూ అనేవారు.

ఒక గోలు ఆధిక్యం వచ్చింది కాబట్టి తువ్వాలు మళ్లీ మెడలో వేసుకున్నారు. పిల్లలు వెనక్కి తగ్గి కాచుకున్నారు. కాసేపటికి ఆయన బెంచీ మీదికి ఒరిగిపోయారు. మెడ దగ్గర తువ్వాలు ఇంకా ఎర్రబడింది. నేనూ వదినా పరుగెత్తేసరికి అకాడమీ డాక్టరు ఆయన్ని బండి ఎక్కిస్తున్నారు. మైదానంలో పిల్లలు తలలు తిప్పి చూశారు, జాగాలు మాత్రం వదల్లేదు. మ్యాచ్ గెలిచారు. ఆయన పంజాగుట్ట ఆస్పత్రిలో చేరారు. జబ్బు తిరగబెట్టిందనీ, ఇక చెయ్యగలిగింది పెద్దగా లేదనీ డాక్టర్లు వదినతో చెప్పారు. వదిన నాతో చెప్పింది. ఆయనతో మేమిద్దరం ఏమీ చెప్పలేదు, ఆయన అడగనూ లేదు.

ఫైనల్ రోజున నా ఫోన్‌ని మందుల సీసాలకి ఆనించి ఆయన ముందు పెట్టాను. పోటీలు జరిగే కాలేజీ పిల్లలెవరో మ్యాచ్‌ని ఫోన్లో ప్రసారం చేస్తున్నారు. వదిన ఉతికి తెచ్చిన తువ్వాలు ఆయన మెడలో ఉంది. మొదటి సగం చూస్తూ తల ఊపారు. రెండో సగం మొదలైంది. మనవాళ్లు గోడ కట్టి నిలబడే ఉన్నారు. బంతి దొరికినా ముందుకు పోవడం లేదు. అవతలివాళ్లు మీద మీదికొస్తున్నారు, వీళ్లు తన్నులు తింటూ కాచుకుంటున్నారు. ముందంతా ఖాళీ. నాబోటి దానికే కనిపిస్తోంది ఆ ఖాళీ.

ఆయన లేచి కూర్చున్నారు. నర్సు వారిస్తుంటే తువ్వాలు లాగేసి పైకెత్తారు. అప్పుడు చూశాను మొదటిసారి ఆ రంధ్రాన్ని. ఊపిరికి అది తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. ఆయన దాన్ని దాచుకోవాలన్న ధ్యాసలో లేరు. ఫోన్ తెర ముందు ఆ తువ్వాలు ఊపుతున్నారు, ఊపుతూనే ఉన్నారు.

"ఫోన్ల నువ్వు అవుపడవయ్యా వాళ్లకు" అంది వదిన.

ఆయన ఆపలేదు. నేను బయటికొచ్చి ఫోన్లు చెయ్యడం మొదలుపెట్టాను, వదిన ఫోన్‌తో. కుర్రాళ్ల ఫోన్లు అకాడమీలోనే ఉంటాయి. వాళ్ల వెంట వెళ్లిన ఆఫీసరు ఎత్తలేదు. అకాడమీ నంబరు మోగి మోగి ఆగిపోయింది. ఆటో ఎక్కుదామంటే మైదానం ఊరికి ఆ చివర, కిటికీలోంచి చూస్తే పంజాగుట్ట చౌరస్తాలో బళ్లు కదలకుండా నిలబడి ఉన్నాయి. ఒక్క మాట చేరవెయ్యాలి. ఉరకండి అన్న ఒక్క మాట. ఇంత ఊళ్లో, దగ్గర రెండు ఫోన్లు పెట్టుకుని, ఆ ఒక్క మాట పంపలేకపోయాం. మళ్లీ గదిలోకి వెళ్లేసరికి ఆయన చెయ్యి దిగిపోయింది. తువ్వాలు మంచం మీదుంది.

ఒక్క గోలూ పడకుండా ఆట ముగిసింది. పెనాల్టీ కిక్కుల్లో మనవాళ్లు గెలిచారు. అకాడమీకి మొట్టమొదటి కప్పు. వార్డులో అందరూ చప్పట్లు కొట్టారు, నర్సు మిఠాయి అడిగింది. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు.

సాయంత్రం జట్టు కెప్టెన్ ఫోన్ చేశాడు. కరీంనగర్ వైపు పిల్లాడు. వదిన స్పీకర్ పెట్టింది. ముందుకు పోలేదేం నాయనా అని నేనే అడిగాను. "కోచ్ సార్ చెప్పిపోయినట్టే ఆడుండ్రని ఆఫీసర్ సార్ అన్నడు మేడం. సారేమో తువ్వాలు తియ్యలేదు గదా, మేమెట్ల కదుల్తం?" అన్నాడు. ఆ గొంతులో గర్వముంది. పై పోటీలకి వెళ్తున్నామనీ, అక్కడా ఇట్లాగే, సార్ చెప్పినట్టే నిలబడతామనీ అన్నాడు.

సెమీఫైనల్‌లో సొమ్మసిల్లి పడిన మనిషి మెడలో మిగిలిపోయిన తువ్వాలుని వాళ్లు ఆజ్ఞ అనుకున్నారు. సైనికులు కాని పిల్లలైతే ఆ తప్పు చేసేవాళ్లు కాదు.

వదిన ఫోన్ దగ్గరికి వంగి, సార్ ఇక చాలంటున్నారని చెప్పబోయింది. ఆయన ఆమె చెయ్యి పట్టుకుని ఆపారు. పెదాలు కదిలాయి. తనే వెళ్లి, వాళ్ల ముందు తియ్యాలట. నిలబడమన్నది తను కదా. ఆ తర్వాత ఆయన అడిగింది అదొక్కటే. డాక్టర్ వస్తే బయటికి చెయ్యి చూపించేవారు, నేను వెళ్తే ఆటోకి సైగ చేసేవారు. డాక్టర్లు ఒప్పుకోలేదు. ఆయనున్న గదిలోకి అంతమందిని రానివ్వలేమన్నారు, కుర్రాళ్లకి పరీక్షలని అకాడమీ వాళ్లన్నారు. అందరి మాటా సబబే, ఎవరితో పోట్లాడను? నేను అడిగినవన్నీ ఏదో ఒక రకంగా చేసిపెట్టిన మనిషికి, ఆయన అడిగిన ఒక్కటీ చెయ్యలేక కొబ్బరినీళ్లు పట్టుకెళ్లేదాన్ని. ఆయన వద్దనకుండా తాగేవారు. అట్లా చూస్తూ చూస్తూ ఉండగానే ఆదివారం వచ్చింది.

అకాడమీ బస్సు మధ్యాహ్నానికి వచ్చింది. ఇరుకు సందు, బస్సు మెయిన్‌రోడ్డు మీదే ఆగింది. పిల్లలు యూనిఫామ్‌లో నడిచి వచ్చి, కప్పు తెచ్చి ఆయన కాళ్ల దగ్గర పెట్టారు. మా మెట్ల ముందు, ఉప్మా తిన్న చోటే, రెండు వరసల్లో నిలబడ్డారు. ఒక్కడి కంటా నీరు లేదు. డప్పు మొదలైంది. పాడె ఎత్తే టైమైందని పెద్దలు అన్నారు. భుజం పట్టమని ఆఫీసరు కెప్టెన్‌కి చెప్పాడు. కుర్రాడు కదల్లేదు. ఇంకోసారి చెప్పాడు, మెల్లగా. ఎవరూ కదల్లేదు. వాళ్ల చూపులన్నీ ఒకే చోట ఉన్నాయి. ఆయన మెడలో ఎర్ర తువ్వాలుంది.

ఏమైందో నాకు అర్థమయ్యేలోపే వదిన లేచింది. ఆయన మీదికి వంగి, నెమ్మదిగా తువ్వాలు తీసింది. నేను బంతిపూల దండని పైకి జరిపి ఆ రంధ్రాన్ని కప్పాను. నా చేతనైంది అంతే. వదిన గుమ్మంలోకి వెళ్లి, తువ్వాలుని తల మీదికెత్తి పట్టుకుంది.

"ఇగ సాలు బిడ్డా" అంది. "ఉరకుండ్రి."

కెప్టెన్ మొహం ముందు వంకర్లు పోయింది. తర్వాత వరసలు విడిపోయాయి. ఒకడు మెట్టు మీద కూలబడి ఏడ్చాడు, ఒకడు పక్కవాణ్ని కావలించుకున్నాడు. అందరూ ఒకేసారి పాడె దగ్గరికి వచ్చారు, భుజాలు చాలనంతమంది. ఎత్తుకుని, దాదాపు పరుగు లాంటి నడకతో సందు మలుపు తిరిగారు. డప్పు చప్పుడు మెట్రో రైలు మోతలో కలిసి వినపడకుండా పోయింది.

వదిన చెయ్యి ఇంకా పైనే ఉంది. వాళ్లు వెళ్లిపోయారు వదినా, ఇక చాలు, దించు అందామని దగ్గరికి వెళ్లాను. ఆ మాట అనవలసింది నేను కాదని ఆమె పక్కన నిలబడ్డాక తెలిసింది. ఖాళీ సందులో, ఆమె చేతిలో ఆ తువ్వాలు గాలికి ఊగుతూనే ఉంది.